ఎండుటాకు మూట ఉందా? అయితే బకెట్ తీయండి

ఇంటి ఎరువు, కుండీల మట్టి గురించి నగరంలోని పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఈసారి తీసుకున్నాం.

ప్ర: మల్కాజిగిరిలో రెండో అంతస్తులో ఉంటాం. మూత ఉన్న పెయింట్ బకెట్‌లో నెల రోజులుగా కూరగాయల తొక్కలు వేస్తున్నాను. ఇప్పుడు మూత తీస్తే కుళ్లు కంపు, అడుగున నల్లటి నీళ్లు, లావుపాటి పురుగులు. మా అత్తగారు పారేయమంటున్నారు. బాగుచేసే దారి ఉందా?

జ: ఉందండి, పారేయకండి. మీ బకెట్‌లో ఉన్నదంతా తడే, పొడి అనేదే లేదు. కూరగాయల తొక్కల్లో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీరే. మెత్తబడగానే ఒకదానికొకటి అతుక్కుపోతాయి, లోపల గాలి ఆడదు. గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు అక్కడ చేరి కంపు పుట్టిస్తాయి. ముక్కు ఘాటెక్కే అమ్మోనియా వాసన వస్తే అది ఇంకో రకం లోపం: నత్రజని ఎక్కువై గాలిలోకి పోతోందని అర్థం. రెండింటికీ మందు ఎండుటాకే.

ముందు ఆ నీళ్లు వంచేయండి. పలచన చేసి మొక్కలకు పోయమని చాలామంది చెబుతారు కానీ, గాలి లేక పులిసిన ఈ నీరు వేర్లను దెబ్బతీస్తుంది. డ్రైనేజీలో పోయడమే నయం. ముద్దను పాత గోనెసంచి మీద బోర్లించి, గ్లౌజులు వేసుకుని విడదీయండి. ముద్ద ఎంత ఉంటే దానికి రెండింతలు నలిపిన ఎండుటాకులు కలపండి. ఇప్పుడు పిడికెడు తీసుకుని గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనబడితే తేమ సరిపోయినట్టు. ధార కారితే ఇంకా ఆకు పడాలి. చుక్కే రాకపోతే నీళ్లు చిలకరించాలి.

బకెట్ ఖాళీగా ఉన్నప్పుడే పక్కలకు నాలుగేసి అంగుళాల దూరంలో 8 మిల్లీమీటర్ల డ్రిల్లుతో రంధ్రాలు పెట్టించండి, అడుగున ఐదారు చాలు. రెండు ఇటుకల మీద నిలబెట్టి కింద ట్రే ఉంచండి. అడుగున మూడంగుళాల మందాన కొబ్బరి పీచు పరవండి. చెరకు రసం బండి దగ్గర దొరికే పిప్పి అయినా సరే, రెండు రోజులు ఎండబెట్టాకే వాడండి, లేదంటే చీమలు. ఇక రోజూ గిన్నెడు తడిచెత్త వేస్తే గిన్నెడున్నర నుంచి రెండు గిన్నెల ఆకు పైన వేయాలి. తొక్క ఒక్కటి కూడా పైకి కనబడకూడదు. వారానికి రెండుసార్లు అడుగు దాకా కలియబెట్టండి. ఒక గరిటె పుల్లమజ్జిగ కూడా వేస్తుంటారు. తప్పు లేదు, తప్పనిసరీ కాదు.

పురుగులు బూడిద తెలుపులో, గీతలు గీతలుగా ఉంటే అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. కుట్టవు, కరవవు. చెత్తను మనకంటే వేగంగా తినేస్తాయి. వాటి తల్లి ఈగలు అన్నం గిన్నెల మీద వాలే రకం కాదని అత్తగారికి చెప్పండి. ఆకు పెరిగి తేమ తగ్గితే అవే పలచబడతాయి. సాంబారు, నూనె కూరలు, ఆదివారం బిర్యానీ ఎముకలు మాత్రం ఈ బకెట్‌లోకి వద్దు.

నలుగురున్న ఇంటికి రోజుకు రెండు మూడు లీటర్ల నలిపిన ఆకు పడుతుంది. ఏడాదికి పెద్ద గోనెసంచులు ఏడెనిమిది. హైదరాబాద్‌లో కానుగ, వేప, రావి ఆకు రాల్చేది శివరాత్రి నుంచి ఉగాది దాకా. వీధి ఊడ్చేవాళ్లు కుప్ప పోసి అగ్గిపెట్టక ముందే అడిగి నింపుకోండి. వర్షాకాలంలో ఎండుటాకు కోసం తిరిగినా దొరకదు.

ప్ర: మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ ఆవరణలో ఏటా పది పదిహేను బస్తాల ఆకు రాలుతుంది. పోయినేడు ఒక మూలన కుప్ప పోశాం. ఏడాదైనా అలాగే ఉంది. ఎందుకని?

జ: పైన ఎన్ని నీళ్లు పోసినా లోపల పొడిగా ఉండి ఉంటుంది. ఎండిన ఆకు మీద నీళ్లు జారిపోతాయి, ఇంకవు. రెండో కారణం, ఒట్టి ఆకులో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. కుప్ప చురుగ్గా కుళ్లాలంటే కర్బనం 25-30 పాళ్లకు నత్రజని ఒక పాలు ఉండాలి. ఎండుటాకులో కర్బనం 50 పాళ్లు దాటుతుంది, పేడలో 20 అటూఇటూ.

మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తుకు తగ్గితే కుప్ప వేడెక్కదు. నాలుగడుగుల వ్యాసంతో ఇనుప జాలీ గుండ్రంగా చుట్టి నిలబెట్టండి. ఆకును డ్రమ్ములో రాత్రంతా నానబెట్టి అరడుగు మందాన వేయండి. దానిపై పేడనీళ్లు (బకెట్ నీళ్లలో రెండు కిలోల పేడ), ఆపైన రెండంగుళాల పచ్చి సరుకు: లాన్ కోసిన గడ్డి, గిరిపుష్పం కొమ్మల ఆకు, రైతుబజార్‌లో మిగిలిపోయే క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకులు. ఇలా పొర మీద పొర నాలుగడుగుల దాకా. పేడకు దగ్గర్లోని తబేలాలో అడగండి, గేదె పేడైనా ఇబ్బంది లేదు.

మూడో రోజున ఒక ఇనుప చువ్వ నడిమధ్యకు గుచ్చి ఐదు నిమిషాలాగి తీయండి. పట్టుకోలేనంత కాలితే లోపల 55 డిగ్రీలు దాటినట్టే. కలుపు గింజలు, తెగులు క్రిములు చచ్చేది ఆ వేడికే. చువ్వ గోరువెచ్చగా తగిలిన ప్రతిసారీ కుప్పను తిరగేయండి, బయటిది లోపలికి, లోపలిది బయటికి. మూడు నాలుగు తిరగేతలకు, మూడు నాలుగు నెలలకు ఎరువు చేతికొస్తుంది. బాదం ఆకు మందం, ముక్కలు చేసి వేయండి. నీలగిరి ఆకు వద్దు.

ప్ర: టమాటా కాయల అడుగు నల్లబడుతోంది. కాల్షియం లోపమంటే కోడిగుడ్డు పెంకులు వేశాను. తగ్గలేదు. (ఉప్పల్)

జ: తగ్గదండి. పెంకు కరగడానికి నెలలు పడుతుంది, అదీ మెత్తగా పొడి కొడితేనే. మీరు బోరునీళ్లు పోస్తుంటే వాటితోనే కాల్షియం కావలసినంత వస్తోంది. ఆ కాల్షియాన్ని కాయకు మోసుకెళ్లేది నీరు. ఒకరోజు కుండీ బీటలు వారేలా ఎండి, మర్నాడు మునిగిపోతే ఆ ప్రయాణం తెగుతుంది. కుండీ మట్టిపై రెండంగుళాల మందాన ఆకు కప్పి (మల్చింగ్), రోజూ ఒకే వేళకు నీళ్లు పోయండి. కొత్త కాయల్లో తేడా తెలుస్తుంది.

ప్ర: వేపపిండి, ఆముదం పిండి, వేరుశనగ చెక్క. వీటిలో ఏది, ఎంత? (దిల్‌సుఖ్‌నగర్)

జ: నత్రజని వేరుశనగ చెక్కలో 7 శాతం, వేపపిండిలో 5, ఆముదంలో 4 దాకా ఉంటుంది. 12 అంగుళాల కుండీకి ఏదైనా 50 గ్రాములు, మొక్క నాటడానికి రెండు వారాల ముందే మట్టిలో కలపాలి. వేరుశనగ చెక్క పొడిగా వేస్తే ఎలుకలు, చీమలు వస్తాయి. వంద గ్రాములు లీటరు నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, పది రెట్లు నీళ్లు కలిపి పోయండి. కంపు భరించాల్సిందే. ఇంట్లో కుక్క ఉంటే ఆముదం పిండి గుమ్మం దాటనివ్వద్దు. అందులోని రిసిన్ విషం, కుక్కలేమో దాని వాసనకు తవ్వుకుని మరీ తింటాయి.

ప్ర: నలభై కుండీలకు జీవామృతం చేసుకోవాలంటే కొలతలు చెప్పండి. (అల్వాల్)

జ: ప్రకృతి వ్యవసాయాన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ చెప్పిన ఎకరం కొలత 200 లీటర్ల నీళ్లకు పది కిలోల ఆవుపేడ, అయిదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుపిండి, గుప్పెడు మట్టి. మీకు 20 లీటర్లు చాలు: కిలో తాజా పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల నల్లబెల్లం, 200 గ్రాముల శనగపిండి, చెట్టు మొదట్లోని చిటికెడు మట్టి. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోయేలా రాత్రంతా మూత లేకుండా ఉంచి వాడండి. గోనెగుడ్డ కప్పి నీడన పెట్టి, పూటకోసారి కలిపితే 48 గంటల్లో తయారు. పదింతల నీళ్లతో పలచన చేసి, వారంలోపు వాడేయాలి.

ఒక్కమాట. పది కిలోల పేడలో ఉండే నత్రజని 40 గ్రాములు అటూఇటూ. జీవామృతం పని సూక్ష్మజీవులను అందించడం, కడుపు నింపడం కాదు. కుండీలో కంపోస్టు లేకుండా ఇదొక్కటే పోస్తూ ఆకులు పాలిపోయాయంటే లాభం లేదు.

ప్ర: ఏప్రిల్ వస్తే మా వానపాములన్నీ చచ్చిపోతున్నాయి. (కాప్రా)

జ: తొట్టి లోపలి వేడి 35 డిగ్రీలు దాటితే ఎర్ర వానపాములు తట్టుకోలేవు. రేకుల కింద పెట్టకండి. చెట్టు నీడన నేల మీద ఉంచి, రెండు పొరల తడి గోనె కప్పి పూటపూటకీ తడపండి. పచ్చి పేడ, తాజా తొక్కలు నేరుగా వేయడం ఇంకో కారణం, అవి కుళ్లుతూ వేడి పుట్టిస్తాయి. పదిహేను ఇరవై రోజులు విడిగా చివికించాకే వేయండి.

ప్ర: ఎరువు తయారైందని ఎలా తెలుస్తుంది? (మెహిదీపట్నం)

జ: తొలకరి మట్టి వాసన రావాలి, ఏది ఆకో ఏది తొక్కో గుర్తుపట్టలేకుండా ఉండాలి. అనుమానముంటే ఒక డబ్బాలో సగం ఎరువు, సగం మట్టి కలిపి, ఇంకో డబ్బాలో ఒట్టి మట్టి పోసి, చెరో ఇరవై మెంతులు చల్లండి. వారానికి ఎరువు డబ్బాలో మొలకలు బాగా తక్కువగా వచ్చినా, పసుపుపచ్చగా సాగినా ఇంకో రెండు మూడు వారాలు మాగనివ్వాలి. తర్వాత జల్లెడ పట్టి, పైన మిగిలిన పుల్లలు, గరుకు ముక్కలు కొత్త బకెట్ అడుగున వేసుకోండి. దాంట్లోని సూక్ష్మజీవులే తర్వాతి విడతకు తోడు.