రాత్రి నదిలో వాడే తేలే ఎరకు ఏ రంగు వేయాలి?

ఇంట్లో చేసుకున్న తేలే ఎరకు రాత్రి వేటలో నలుపే సరైన రంగు. చేప ఎరను కింద నుంచి చూస్తుంది. ఎంత చీకటైనా ఆకాశం నీటికన్నా కాస్త వెలుతురుగానే ఉంటుంది కాబట్టి నల్లటి ఆకారం దానిమీద తేటగా కనిపిస్తుంది. పైగా నీటి కదలికను చేప తన ఒంటి పక్కనుండే పార్శ్వ రేఖతో పసిగడుతుంది. నన్నడిగితే రంగుకన్నా ఈ కదలికే ముఖ్యం.

వేల్స్‌లోని టోవీ నదిలో సీ ట్రౌట్‌ను (సముద్రానికి వెళ్లి నదికి తిరిగొచ్చే ఒక రకం చేప) ఎక్కువగా వేసవి రాత్రుల్లోనే పడతారు. వేలెడంత బెండు ముక్కను నున్నగా చెక్కి, నల్లరంగు పూసి, తోకవైపు గాలపు ముల్లు బిగిస్తే అక్కడికి సరిపోయే ఎర తయారు. నదికి అడ్డంగా విసిరి దారం బిగువుగా పట్టుకుంటే ప్రవాహమే దాన్ని ఈడ్చుకెళ్తుంది, వెనకాల నీటిమీద ‘వి’ ఆకారంలో గీత పడుతుంది. నిదానంగా పారే మడుగుల్లోనే ఆ గీత చెదరకుండా నిలుస్తుంది.

మెరిసే పెయింట్ వేస్తేనే చేపకు కనబడుతుందని, ఎరను ఎంత కుదిపితే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. రెండూ పొరపాటే. ఎర ఒకే వేగంతో సాగితేనే చీకట్లో చేపకు గురి కుదురుతుంది. చేప ఎరను అందుకున్న చప్పుడు వినగానే లాగేయకండి, దారం బరువెక్కాక లాగండి.