రిపోర్టులన్నీ నెగటివే... భయం మాత్రం పోవడం లేదు

ప్రశ్న: మేడమ్, నాకు 31 ఏళ్ళు. విజయవాడలో సెల్‌ఫోన్ల షాపు. భార్య, రెండేళ్ళ పాప ఉన్నారు. ఏడు నెలల కిందట స్నేహితులతో గోవా వెళ్ళినప్పుడు తాగిన మత్తులో ఒకామెతో గడిపాను. కండోమ్ వాడాను గానీ మొదట్లో కాసేపు వాడలేదు. మూడు వారాలకు, ఆరు వారాలకు, తర్వాత మూడు, నాలుగు, ఆరు నెలలకు హెచ్‌ఐవీ పరీక్షలు చేయించుకున్నాను. అన్నీ నెగటివే. కానీ ఆరు కిలోలు తగ్గాను, నాలుక తెల్లగా ఉంటోంది, మెడలో బిళ్ళలు తగులుతున్నాయి. నా కంచం, గ్లాసు విడిగా పెట్టుకున్నాను. పాపను ఎత్తుకోవడం మానేశాను, భార్యను దగ్గరకు రానివ్వడం లేదు. నాకు ఇంకెవరితోనో సంబంధం ఉందని ఆమె ఏడుస్తోంది. వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్ష కూడా చేయించుకోమంటారా? నాకేం లేదని మీరు ఒక్కమాట చెప్పండి.

జవాబు: చెప్తాను, కానీ ఒక్కసారే. గోవాలో జరిగినదాని వల్ల మీకు హెచ్‌ఐవీ రాలేదు. ల్యాబుల్లో ఇప్పుడు ఎక్కువగా చేసే, వైరస్ ముక్కనూ దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలనూ కలిపి చూసే యాంటిజెన్–యాంటీబాడీ పరీక్షకు, సంఘటన జరిగాక 45 రోజులు దాటితే చాలు. పాతరకం యాంటీబాడీ పరీక్షకైనా మూడు నెలలు దాటితే చాలు. మీరు ఆ గడువు దాటాక కూడా రెండుసార్లు చేయించుకున్నారు. పీసీఆర్ అక్కర్లేదు. సిఫిలిస్, హెపటైటిస్‌-బి పరీక్షలు ఇంతవరకు చేయించుకోకపోతే వాటిని ఒక్కసారి చేయించుకుని ఊరుకోండి.

ఈ మాట చదివాక మీకు రెండు రోజులు హాయిగా ఉంటుంది. మూడో రోజు 'మేడమ్‌కి నా సంగతి పూర్తిగా తెలీదేమో, రక్తం శాంపిల్ మారిపోయిందేమో' అని మొదలవుతుంది. ఐదు రిపోర్టుల తర్వాతా ఇదే జరిగి ఉంటుంది, గుర్తు చేసుకోండి. పరీక్ష చేయించుకున్న ప్రతిసారీ భయానికి ఓ ముద్ద పెడుతున్నారు. తిన్నది కాసేపు పడుకుని మళ్ళీ ఆకలేసి లేస్తోంది.

బరువు అంటారా, ఏడు నెలలుగా సరిగా తినక, నిద్రపోక తిరుగుతున్న మనిషి తగ్గక ఏం చేస్తాడు? మెడను రోజుకు పాతికసార్లు నొక్కి చూసుకుంటే ఎవరికైనా ఏదో ఒకటి తగులుతుంది, నొప్పి కూడా పుడుతుంది. పొద్దున్నే అద్దం ముందు నాలుక చాపితే చాలామందికి తెల్లగానే ఉంటుంది. లక్షణాలను చూసి హెచ్‌ఐవీ ఉందో లేదో డాక్టరు కూడా చెప్పలేరు, పరీక్షే చెప్పాలి. ఆ పరీక్ష మీకు ఐదుసార్లు చెప్పింది.

ఇక కంచం, గ్లాసు సంగతి. ఇదే నాకు ఎక్కువ బాధనిపించింది. హెచ్‌ఐవీ నిజంగా ఉన్నవాళ్ళ ఇళ్ళలో కూడా కంచాలు విడిగా పెట్టాల్సిన పని లేదు. ఎంగిలి వల్ల, తువ్వాలు వల్ల, బిడ్డను ముద్దు పెట్టుకోవడం వల్ల అది రాదు. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు సరిగ్గా వాడుతూ రక్తంలో వైరస్ కనిపించనంతగా తగ్గినవాళ్ళ నుంచి భాగస్వామికి కూడా సోకదు. మరి ఏ జబ్బూ లేని మీరు రెండేళ్ళ పాపకు దేనికి దూరమవుతున్నారు? నాకైతే ఇది జాగ్రత్తలా లేదు, మీకు మీరే వేసుకున్న శిక్షలా ఉంది. తప్పు చేశానన్న బాధ మీకుంది, అది తీసిపారేయాల్సిందేమీ కాదు. కానీ ఆ తప్పుకు తీర్పు చెప్పే పని వైరస్‌ది కాదు. శిక్ష రాలేదేమిటని రిపోర్టుల్లో వెతుకుతున్నట్టున్నారు.

మీకు పనికిరాదు గానీ, ఇది చదివేవాళ్ళలో నిన్నో మొన్నో ఇలా జరిగినవాళ్ళు ఉంటే, 72 గంటల్లోపు ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్ళండి. అవసరమని డాక్టరుకు అనిపిస్తే హెచ్‌ఐవీ సోకకుండా 28 రోజులు వాడే మందు ఇస్తారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. పరీక్షకైతే ఐసీటీసీలో, అంటే ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రంలో, డబ్బు కట్టక్కర్లేదు. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ వివరాలు రహస్యంగా ఉంచాలి. సందేహాలుంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయొచ్చు.

మీరు వెళ్ళాల్సింది ల్యాబుకు కాదు, సైకియాట్రిస్టు దగ్గరకు. పిచ్చి అని కాదు. ఆరోగ్యం గురించి ఇలా పట్టుకునే భయానికి మందులున్నాయి, ఆలోచనల, అలవాట్ల తీరు మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే చికిత్స ఉంది. మందు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే మానేయకండి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

భార్యకు గోవా సంగతి చెప్పాలా? అది మీరడగలేదు గానీ, ఉత్తరమంతా అదే ఉంది. ఇప్పుడీ వణుకులో చెప్పొద్దనే అంటాను. ఇప్పుడు చెబితే అది నిజాయితీ కంటే మరో పరీక్షలా తయారవుతుంది, ఆమె క్షమిస్తుందో లేదో చూసే పరీక్ష. భయం తగ్గాక, తేరుకున్న మనసుతో మీరే ఆలోచించుకోండి. చెప్పాలనిపిస్తే అప్పుడు ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కు వెళ్ళండి. కానీ ఏడు నెలలుగా తనలో ఏ లోపముందో అనుకుని కుమిలిపోతున్న మనిషికి ఇవాళే ఒక మాట బాకీ ఉన్నారు. 'నాకు జబ్బు చేసిందేమోనన్న భయం పట్టుకుంది, నీ తప్పేం లేదు, డాక్టరుకు చూపించుకుంటాను' అనండి. అందులో అబద్ధమేమీ లేదు.

రాత్రికి పాపను మీ పక్కనే పడుకోబెట్టుకోండి. ఆ గ్లాసు, కంచం తీసుకెళ్ళి అందరివాటిలో కలిపేయండి. రెండు నెలల తర్వాత ఎలా ఉన్నారో రాయండి. రిపోర్టుల ఫొటోలు మాత్రం జత చేయొద్దు, నేను చూడను.