మూడో కప్పు

ప్రశ్న: మేడం గారూ, మా అత్తగారు మూడేళ్లు మంచంలో ఉండి సంక్రాంతి ముందు కాలం చేశారు. ఆ మూడేళ్లూ కంటి నిండా నిద్ర లేదు, పుస్తకం పట్టింది లేదు. ఇప్పుడు తీరిక దొరికింది కానీ, బరువైన నవలేదీ పది పేజీలు దాటడం లేదు. మా అమ్మాయి డల్లాస్ నుంచి వస్తూ అలెగ్జాండర్ మెక్‌కాల్ స్మిత్ బోట్స్వానా లేడీ డిటెక్టివ్ పుస్తకాలు ఆరు తెచ్చింది. ఆరూ చదివేశాను. మొదటిది రెండోసారి కూడా! "డిటెక్టివ్ కథంటావు, హంతకుడే కనపడడు. ఈ వయసులో ఇవేం పుస్తకాలు, భాగవతం పట్టుకోరాదా" అంటున్నారు మావారు. నేను కాలం వృథా చేస్తున్నానా? తర్వాత ఏం చదవను?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: భాగవతం పొద్దున చదవండమ్మా, రాత్రికి మీ లేడీ డిటెక్టివ్ రామోట్స్వేని ఉంచుకోండి. రెండింటికీ తగవేమీ లేదు.

మా ఆయనకు బైపాస్ జరిగినప్పుడు ఐసీయూ బయట ఇనప కుర్చీలో నాలుగు రాత్రులు కూర్చున్నాను. చేతిలో అగాథా క్రిస్టీ రాసిన, నేరాల ముడి విప్పే ముసలావిడ మిస్ మార్పుల్ కథలు. తలుపు చప్పుడైతే పేజీలో వేలు పెట్టి లేచేదాన్ని. మళ్లీ వచ్చి కూర్చుంటే ఆ ముసలావిడ ఊలు అల్లుతూ, నేను వదిలిన చోటే ఉండేది. ముప్పై ఒక్క ఏళ్లు శాఖా గ్రంథాలయంలో పుస్తకాలిచ్చిన నాకు, అవి ఎందుకున్నాయో ఆ నాలుగు రాత్రుల్లో తెలిసింది. అందుకే వీటిని ఎవరైనా చులకన చేస్తే నాకు కష్టంగా ఉంటుంది.

1998లో వచ్చిన మీ మొదటి పుస్తకం ఎలా మొదలవుతుందో గుర్తుందిగా? బోట్స్వానా రాజధాని గాబొరోన్ దగ్గర కొండ కింద ఆఫీసు. ఆస్తి ఏమిటయ్యా అంటే ఒక బుల్లి తెల్ల వ్యాను, రెండు బల్లలు, రెండు కుర్చీలు, ఫోను, పాత టైపు మిషను, టీ పాట్, మూడు కప్పులు. తనకొకటి, సెక్రటరీకొకటి, మూడోది వచ్చినవాళ్లకి. తండ్రి పోయాక ఆయన పశువుల్ని అమ్మి పెట్టిన ఏజెన్సీ అది. మీరు రెండోసారి చదివింది నేరస్థుడి కోసం కాదు, ఆ మూడో కప్పు కోసం. మూడేళ్లు అందరికీ అందించిన మనిషికి ఎవరైనా కూర్చోబెట్టి టీ పోస్తే ఎలా ఉంటుంది! అక్కడి భాషలో ఆడవాళ్లను గౌరవంగా "మ్మా" అని పిలుస్తారు. మన చెవికి అమ్మా అన్నట్టే వినపడుతుంది.

ఇక హంతకుడే కనపడడన్న మీవారి మాట. నీ తండ్రినంటూ వచ్చి ఒకావిడ ఇంట్లో తిష్ట వేసిన మనిషి కథ ఆయనకు చెప్పండి. రామోట్స్వే నర్సు వేషంలో వెళ్లి, నీ కూతురికి ప్రమాదం జరిగింది, నీ రక్తం కావాలి, చాలా కావాలి, నీ ప్రాణానికే ముప్పు రావచ్చు అంటుంది. అంతే, నేను తండ్రిని కానని ఒప్పేసుకుంటాడు. బురదకాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చి, ఎవరెలా వాడారో చూసి నేతి తగువు తీర్చిన మర్యాద రామన్నకు ఈవిడ చెల్లెలు కాదూ? రామన్న తీర్పుల్లో శవాలు లెక్కపెట్టామా?

తర్వాతి పుస్తకాలకు తొందరపడకండి. ఈ వరస మాత్రం క్రమం తప్పకుండా చదవండి. సెక్రటరీ మకుట్సికి పరీక్షలో వచ్చిన 97 శాతం మార్కుల గర్వం, గ్యారేజీ యజమాని మటెకోని సంగతి, అన్నీ పుస్తకం నుంచి పుస్తకానికి ఎదుగుతాయి. మధ్యలో మార్పు కావాలంటే మార్పుల్‌కు రండి. 1932లో వచ్చిన పదమూడు కథల సంపుటి "ది థర్టీన్ ప్రాబ్లమ్స్"తో మొదలుపెట్టండి. నలుగురూ కూర్చుని తలా ఒక చిక్కు కథ చెప్పుకుంటారు, ఆవిడ తమ ఊళ్లో జరిగిన ఏదో చిన్న సంగతి గుర్తు చేసుకుని ముడి విప్పుతుంది. ఒక్కో కథ ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది. హత్యలుంటాయి కానీ, రక్తం మన మీద చిందదు.

రిచర్డ్ ఆస్మన్ 2020లో మొదలుపెట్టిన "థర్స్‌డే మర్డర్ క్లబ్" వరస గురించి ఎవరైనా చెబుతారు. కెంట్‌లో వృద్ధుల నివాసం, డెబ్బై దాటిన నలుగురు, పాత కేసులు. నాకు చాలా ఇష్టం. మీకు మాత్రం ఇప్పుడే వద్దు. అందులో ఒకావిడ భర్త మతిమరుపు జబ్బుతో ఉంటాడు. ఎంత సున్నితంగా రాసినా, మీ గాయం ఇంకా పచ్చిగా ఉంది. ఏడాది ఆగండి.

ప్రశ్న: నేను ముందు చివరి పేజీలు చదివేసి, తర్వాత మొదటి నుంచి చదువుతాను. తప్పా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: రామోట్స్వే అయితే చదువుకో బాబూ, పోయేదేమీ లేదు. క్రిస్టీ దగ్గర మాత్రం ఒక్కసారి ఓపిక పట్టు. మొదటిసారి మోసపోయే సంతోషం ఒక్కో పుస్తకానికి ఒక్కసారే దొరుకుతుంది. గ్రంథాలయం పుస్తకమైతే హంతకుడి పేరు కింద పెన్సిల్ గీత పెట్టకు. అలాంటి గీతల్ని నేను రబ్బరుతో ఎన్ని చెరిపానో, చెరిపినా అచ్చు అలాగే కనపడేవి.