మెదడు గడ్డకు విషమే మందా?

ప్రశ్న: మా బాబాయి గారికి గ్లియోబ్లాస్టోమా (వేగంగా పెరిగే మెదడు క్యాన్సర్). ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక గడ్డ మళ్లీ పెరిగింది. క్యాన్సర్ కణాలనే చంపే బ్యాక్టీరియా విషం మందుగా ఉందట. ఇప్పించవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మెదడు గడ్డలకు అలాంటి మందేదీ ఇంకా అనుమతి పొందలేదమ్మా. ట్రయల్స్‌లోనే (మనుషులపై మందుని పరీక్షించే అధ్యయనాల్లోనే) ఇస్తారు.

బాగా పరీక్షించినది సింట్రెడెకిన్ బెసుడోటాక్స్. ఇంటర్‌ల్యూకిన్-13 అనే ప్రోటీన్‌కి సూడోమొనాస్ బ్యాక్టీరియా విషాన్ని అతికించి చేశారు. ఇంటర్‌ల్యూకిన్‌ని పట్టుకునే ఒక రకం గ్రాహకాలు (కణాల మీద ఉండే రిసెప్టర్లు) చాలా గ్లియోబ్లాస్టోమాల్లో ఎక్కువ, మామూలు మెదడులో దాదాపు ఉండవు. గ్రాహకంతో పాటు లోపలికి వెళ్లిన విషం ఈఎఫ్-2 అనే ప్రోటీన్‌ని చెడగొడుతుంది. కణంలో ప్రోటీన్ల తయారీ ఆగి, కణం చస్తుంది. గ్రాహకం లేని కణాలు మాత్రం తప్పించుకుంటాయి.

ఇంత పెద్ద అణువు రక్తంలోంచి మెదడులోకి సరిగా దిగదు. అందుకని గడ్డ తీసిన చోటు చుట్టూ రెండు నుంచి నాలుగు సన్నని క్యాథెటర్లు (గొట్టాలు) పెట్టి, అన్నిటికీ కలిపి గంటకు 0.75 మి.లీ. చొప్పున 96 గంటలు పంపుతో ఎక్కించారు. మొత్తం 72 మి.లీ.లో మందు 36 మైక్రోగ్రాములే!

చిక్కంతా ఈ ఎక్కించడంలోనే. వేగం పెంచితే ద్రవం క్యాథెటర్ వెంబడే వెనక్కి వస్తుంది. కొన మెదడు మడతకో, వెంట్రికల్‌కో (మెదడు లోపల ద్రవం ఉండే గదికో), గడ్డ తీసిన గుంతకో దగ్గరైతే అందులోకి కారిపోతుంది. 296 మందితో జరిపిన ఫేజ్-3 (ఉన్న చికిత్సతో పోల్చి చూసే చివరి దశ) ట్రయల్ ఫలితాలు 2010లో వచ్చాయి. మధ్యస్థ జీవితకాలం (సగం మంది అంతకన్నా ఎక్కువ బతికిన కాలం) ఈ మందుతో 36.4 వారాలు, గ్లియాడెల్ వేఫర్లతో (గడ్డ తీసిన గుంతలో పెట్టే కీమో మందు బిళ్లలతో) 35.3. తేడా లేనట్టే. తర్వాత చూస్తే క్యాథెటర్లలో దాదాపు సగమే నియమాల ప్రకారం ఉన్నాయి. గుంత చుట్టూ 2 సెం.మీ. మేర సగటున 20 శాతానికే మందు చేరిందని అంచనా. కాబట్టి విషం పనిచేయదని ఆ ట్రయల్ తేల్చిందనలేం. ఆ తర్వాతి ట్రయల్స్‌లో మందుతో గెడోలినియం (ఎమ్మారైలో వెలుగుగా కనిపించే పదార్థం) కలిపి, ఎటు పాకుతోందో ఎమ్మారైలో చూస్తున్నారు.

సీటీఆర్ఐ (మన దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) వెబ్‌సైట్‌లో ట్రయల్స్ వెతకండి. పాథాలజీ బ్లాక్ (ల్యాబ్‌లో మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్క), తాజా ఎమ్మారై, రేడియేషన్ ముగిసిన తేదీ, వాడుతున్న డెక్సామెథసోన్ (మెదడు వాపు తగ్గించే స్టెరాయిడ్) మోతాదు సిద్ధంగా ఉంచుకోండి. ట్రయల్ మందుకు డబ్బు అడిగితే మాత్రం అనుమానించాల్సిందే.

ప్రశ్న: డిఫ్తీరియా విషంతోనూ చేశారు కదా, టీకా వేయించుకున్నవారికి పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: రక్తంలోకి ఇస్తే టీకా వల్ల పుట్టిన యాంటీబాడీలు కొంత మందుని అడ్డుకుంటాయి. నేరుగా మెదడులోకి ఎక్కిస్తే ఆ బెడద తక్కువ. 1997లో ప్రచురితమైన తొలి ట్రయల్‌లో లెక్కకు వచ్చిన 15 మందిలో 9 మందికి గడ్డ సగమో అంతకంటే ఎక్కువో తగ్గింది. అయితే ఆ విషాన్ని ట్రాన్స్‌ఫెర్రిన్‌కి (రక్తంలో ఇనుముని మోసే ప్రోటీన్‌కి) అతికించారు. దాని గ్రాహకాలు మెదడు రక్తనాళాల మీదా ఉంటాయి. మోతాదు పెరిగినప్పుడు చుట్టుపక్కల సన్నని నాళాల్లో రక్తం గడ్డకట్టినట్టు ఎమ్మారైలో కనిపించింది. ఫేజ్-3 ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు.