టెక్ సందేహాలు: నల్ల గ్రానైట్ చూసి జడుసుకునే రోబో

"సార్, మాది ఒంగోలు. ఇల్లు కట్టినప్పుడు హాలంతా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ వేయించాం. మా అబ్బాయి బెంగళూరు నుంచి ఇల్లూడ్చే రోబో పంపాడు. బెడ్‌రూముల్లో తెల్ల టైల్స్ మీద చక్కగా తిరుగుతుంది. హాల్లో వదిలితే మాత్రం జానెడు కదిలి, వెనక్కొచ్చి, ఆగిపోయి, ఇంగ్లీషులో ఏదో అంటుంది. పాడైపోయిందంటారా?"

పాడవలేదమ్మా. మీ హాలు దాని కంటికి పెద్ద గొయ్యిలా కనిపిస్తోంది, అంతే.

రోబోను బోర్లించి చూడండి. అంచుల వెంబడి బొత్తాల్లాంటి నల్లటి కిటికీలు నాలుగో ఆరో ఉంటాయి. ఒక్కోదాంట్లోంచి మన కంటికి ఆనని ఇన్‌ఫ్రారెడ్ కాంతి నేల మీద పడి తిరిగొస్తుంటుంది. తిరిగి రాలేదంటే కింద నేల లేదని, మెట్లు వచ్చేశాయని దాని లెక్క. అందుకే వెనకడుగు వేస్తుంది. 2002లో రూంబా అనే ఇల్లూడ్చే రోబో వచ్చినప్పటి నుంచీ ఈ జాతి రోబోలు మెట్ల మీంచి పడకుండా కాపాడుతున్నది ఈ ఏర్పాటే. నల్లటి రాయి ఆ కాంతిని మింగేస్తుంది. మింగగా మిగిలిన కాస్తా, అద్దంలా పాలిష్ పట్టిన రాయి కదా, పక్కకు జారిపోతుంది. దేశదేశాలకు ఎగుమతయ్యే మన రాయిలోని బంగారు చుక్కలు చూసి మనం మురిసిపోవాల్సిందే. రోబోకు అవి ఆనవు.

ముందు ఆ కిటికీలను పొడి గుడ్డతో తుడవండి, దుమ్ము పట్టినా ఇదే గొడవ. లొంగకపోతే యాప్ సెట్టింగ్స్ చూడండి. కొన్ని మోడళ్లలో మెట్ల సెన్సర్‌ను ఆపే వీలుంటుంది. అదీ లేకపోతే కిటికీల మీద చిన్న తెల్లకాగితం ముక్కలు టేపుతో అంటించడం చాలామంది చేసే చిట్కా. కాగితం నుంచి కాంతి వెంటనే తిరిగొస్తుంది కాబట్టి రోబో ధైర్యంగా నడుస్తుంది. కాకపోతే ఇక నిజం మెట్లు కూడా దానికి నేలే. మేడ మీద హాలైతే ఈ పని చేయకండి. కింద హాలైతే మీ గడపే కాపలా. ఈ రోబోలు చాలావరకు రెండు సెంటీమీటర్ల ఎత్తు దాటలేవు, మన గడపలు అంతకంటే ఎత్తే. అన్నట్టు, దేవుడి గది ముందు ముగ్గు ఉంటే అటు వెళ్లకుండా యాప్‌లో గీత గీసిపెట్టండి. దాని దృష్టిలో ముగ్గూ దుమ్మే.

"అన్నా, మాది ఇందుకూరుపేట పక్కన. నాలుగెకరాల్లో వనామీ రొయ్యల గుంటలుండాయి. రాత్రిపూట కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగినా షెడ్డులో పడుకున్న కుర్రోడికి మెలకువ రాదు. ఇంట్లో పాత ఆండ్రాయిడ్ ఫోనొకటి పడుండాది. కరెంటు పోంగానే అది నాకు కాల్ చేసేలా పెట్టొచ్చంటున్నారు, నిజమేనా?"

నిజమే తమ్ముడూ. ఛార్జింగ్ ఆగిందని ఫోన్‌కు ఇట్టే తెలుస్తుంది. మాక్రోడ్రాయిడ్ లాంటి యాప్‌లో "ఛార్జర్ తీసేస్తే" అన్నది షరతుగా, "ఈ నంబరుకు కాల్ చెయ్" అన్నది పనిగా పెడితే చాలు. మధ్యలో అర నిమిషం ఆగమని చెప్పు, లేకపోతే కరెంటు రెప్పపాటు కొట్టినప్పుడల్లా నిద్ర పాడు. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ ఆదా ఆపెయ్. లేదంటే రెండు రోజుల్లో ఫోనే దాన్ని పడుకోబెట్టేస్తుంది. జియో సిమ్ వేస్తుంటే ఫోన్‌లో 4జీ కాలింగ్ ఉండాలి, ఆ నెట్‌వర్క్‌కు 2జీ, 3జీ లేవు.

అసలు చిక్కు వేరే ఉంది. నీ మోటార్లు త్రీఫేజ్, ఛార్జర్ సింగిల్ ఫేజ్. ఛార్జర్ ఉన్న ఫేజ్ బాగుండి పక్క ఫేజ్ పోయిందనుకో, మోటారు మూలుగుతూ వేడెక్కుతుంటుంది, ఫోన్ మాత్రం హాయిగా ఛార్జవుతుంటుంది. వోల్టేజీ పడిపోయినా అంతే. ఛార్జర్ మీద సన్నటి అక్షరాలు చదువు: 100–240 వోల్టులని ఉంటుంది. మోటారు లేవలేని వోల్టేజీలోనూ అది పని చేస్తుంది. కాబట్టి ఒక ఫేజ్ పోతే మోటారును ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్‌ను స్టార్టర్‌కు పెట్టించి, ఛార్జర్ ప్లగ్గును స్టార్టర్ దాటాక వచ్చే లైన్లో, ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఎలక్ట్రీషియన్ చేత ఇప్పించు. అప్పుడు ఏ కారణంతో స్టార్టర్ పడినా ఫోన్ మోగుతుంది. ఈ వైరింగ్ మాత్రం నువ్వు ముట్టుకోవద్దు.

మా బావ గుంట దగ్గర ఇదే పెట్టాను. మొదటి రాత్రే రెండున్నరకు కాల్ వచ్చింది. వచ్చిందని నాకు తెల్లారాక తెలిసింది, నా ఫోన్ సైలెంట్‌లో ఉంది మరి! బావ లేచి జనరేటర్ వేశాడు కాబట్టి సరిపోయింది. రాత్రంతా నీళ్లలోని నాచూ, రొయ్యలూ ఆక్సిజన్ తీసుకుంటూనే ఉంటాయి. అందుకే తెల్లవారుజామున అది అడుగంటుతుందని నీకు నేను చెప్పాలా? గుంట ఫోన్ నంబరును ఫేవరెట్స్‌లో పెట్టుకుని, "డు నాట్ డిస్టర్బ్"లో ఫేవరెట్స్ కాల్స్‌కు అనుమతివ్వు. పదిహేను నిమిషాల్లో రెండోసారి చేస్తే మోగనిచ్చే సదుపాయం కూడా అక్కడే ఉంటుంది. నెలకోసారి ఫోన్ వెనక మూత చూడు. ఎండ కాసే రేకుల షెడ్డులో ఇరవైనాలుగు గంటలూ ఛార్జింగ్‌లో ఉంటే బ్యాటరీ ఉబ్బుతుంది. ఉబ్బిందా, ఇక దాన్ని వాడొద్దు, గుచ్చొద్దు, గుంట గట్టున పారేయొద్దు.

కావలి నుంచి ఇంటర్ చదివే కుర్రాడు: "ఆర్డునో అనే చిన్న కంట్రోలర్ బోర్డుతో బ్లూటూత్ కారు చేశాను. ముందుకు బటన్ నొక్కగానే బ్లూటూత్ తెగిపోతోంది. అన్నయ్య ఐఫోన్‌లో అయితే అసలు కనిపించడమే లేదు."

నువ్వు పంపిన ఫొటోలో నేరస్తుడు దొరికాడు: 9 వోల్టుల చదరపు బ్యాటరీ. మల్టీమీటర్‌కు పనికొస్తుంది గానీ, కదలబోయే మోటారు ఒక్కసారిగా లాగే కరెంటు ఇవ్వలేదు. వోల్టేజీ కుప్పకూలి బోర్డు మళ్లీ మొదటికొస్తుంది. నీ బ్లూటూత్ మాడ్యూల్ హెచ్‌సీ-05 మీది ఎర్ర లైటు చూడు. జత కలిసినప్పుడు నింపాదిగా రెండు మిణుకులు, తెగితే గబగబా కొట్టుకుంటుంది. 18650 రకం లిథియం సెల్స్ రెండు వరుసగా హోల్డర్లో పెట్టు, నిండా ఛార్జయితే 8.4 వోల్టులు. మోటార్లను నడిపే ఎల్298ఎన్ డ్రైవర్ బోర్డు అందులో దాదాపు రెండు వోల్టులు తినేస్తుంది, మిగిలింది నీ పసుపు మోటార్లకు సరిగ్గా సరిపోతుంది. బోర్డుదీ, డ్రైవర్‌దీ గ్రౌండ్ వైరు కలపడం మరిచిపోకు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ పగలగొట్టి సెల్స్ తీయొద్దు. ఐఫోన్‌కు హెచ్‌సీ-05 రకం పాత బ్లూటూత్ పడదు. దాని బదులు హెచ్ఎం-10 మాడ్యూల్ కొను, లేదా బ్లూటూత్, వైఫై రెండూ ఉన్న ఈఎస్‌పీ32 బోర్డుకు మారిపో.

నెల్లూరు నుంచి ఒకరు ఏసీ రిమోట్ చచ్చిందో, ఏసీయే చచ్చిందో తేల్చమన్నారు. ఫోన్ కెమెరా తెరిచి, రిమోట్ మూతి అటు తిప్పి బటన్ నొక్కండి. తెర మీద ఊదారంగు మెరుపు కనిపిస్తే రిమోట్ బతికే ఉంది. వెనక కెమెరాకు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ ఉండొచ్చు, సెల్ఫీ కెమెరాతోనూ చూడండి. ఏ బటన్‌కూ మెరుపు రాకపోతే కొత్త సెల్స్ వేయండి. ఒకే బటన్‌కు రాకపోతే రిమోట్ విప్పి, దాని కింది రబ్బరు మీది నల్లచుక్కను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి.