తోడికి రాని కన్నీళ్లు

(సంగీతం గురించి పాఠకుల ప్రశ్నలకు, నలభై ఏళ్లు పక్కవాద్యం వాయించిన చెన్నై వయొలిన్ మాస్టారి జవాబులు)

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మకు డెబ్బై తొమ్మిదేళ్లు. మాది నెల్లూరు. ఉద్యోగం కోసం వచ్చి నేను చెన్నైలో స్థిరపడ్డాను. ఈసారి డిసెంబరు కచేరీల సీజనులో అమ్మను మైలాపూరులో ఒక సభకు తీసుకువెళ్లాను. గాయని తోడి రాగాన్ని నలభై నిమిషాలు పాడారు. అమ్మ చేతిసంచిలోంచి శొంఠి ముక్క తీసి బుగ్గన పెట్టుకుని కూర్చుంది. తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం) అయింది. రెండు చిన్న పాటలు కూడా అయ్యాక ఆవిడ ఉన్నట్టుండి 'శివశంకరీ' అందుకున్నారు. వెనక నుంచి ఈలలు, చప్పట్లు. ముందు వరుసలో నలుగురు లేచి బయటకు నడిచారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తిరిగి వస్తుంటే ఆటోలో, "తోడికి రాని ఏడుపు సినిమా పాటకు వచ్చిందంటే నాకు సంగీతం తెలియదన్నమాటే కదా" అంది. ఆమెకు ఏం చెప్పాలి? అసలు తప్పెవరిది, లేచిపోయినవారిదా, ఈల వేసినవారిదా, పాడినావిడదా?
- ఒక పాఠకురాలు, అడయారు

జవాబు: ముందు అమ్మగారి సంగతి చూద్దాం. ఆ పాట 1961లో వచ్చిన 'జగదేకవీరుని కథ'లోది. అప్పటికి ఆవిడకు పద్నాలుగో పదిహేనో ఉంటాయి. నెల్లూరులో ఏ హాల్లో చూశారో, పక్కన ఎవరు కూర్చున్నారో మీరు అడిగారా? నేనైతే ముందు అదే అడిగేవాణ్ణి. తెరమీద ఒక రామారావు పాడుతుంటే చుట్టూ రామారావులే కూర్చుని వాద్యాలు వాయించే ఆ దృశ్యాన్ని కళ్లు విప్పార్చుకుని చూసిన పిల్ల, అరవై ఏళ్లు దాటాక ఎదురు చూడని చోట అదే పాట వింటే ఏడవదా?

ఇంకొక మాట కూడా చెప్పండి. పెండ్యాల నాగేశ్వరరావు స్వరపరచి ఘంటసాల పాడిన ఆ పాట దర్బారీ కానడలో ఉంది. చిన్నప్పటి నుంచి దర్బారీ కానడ ఒంటబట్టిన మనిషి సంగీతం తెలియదని అనుకోకూడదు. రాగం పేరు తెలియదు, అంతే. తోడి ఎక్కకపోవటం వేరు. నాకూ ముప్పై ఏళ్లు వచ్చేదాకా ఎక్కలేదు. అప్పటికే దాన్ని వేదికల మీద వాయిస్తున్నాను కూడా. మా గురువుగారు బతికి ఉంటే ఈ వాక్యం రాసే ధైర్యం నాకు ఉండేది కాదు.

ఇక లేచిపోయిన నలుగురు. మైలాపూరులో రాత్రి తొమ్మిది దగ్గరపడితే లేచేవారిలో సగంమంది బస్సు కోసమే లేస్తారు. వారిని వదిలేద్దాం. కోపంతోనే లేచి ఉంటే మాత్రం వారిని ఒకటి అడగాలి: తని ఆవర్తనం జరుగుతున్నప్పుడు మీరు ఎక్కడున్నారు? మృదంగం వాయించే మనిషి రెండు గంటలపాటు పాటకు ఒదిగి ఒదిగి వాయించి, చివరికి తనకంటూ పదిహేను నిమిషాలు దొరికి, మొదటి మొహరా (ముక్తాయింపు వరస) వేసేసరికి సభలో సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. జనమంతా క్యాంటీన్లో, కాఫీ దగ్గర ఉంటారు. ఒళ్లో వయొలిన్ పెట్టుకుని ఆ వీపులు లెక్కపెట్టటమే నలభై ఏళ్లుగా ఆ సమయంలో నా పని. అప్పుడు లేచిన వీపుకు సినిమా పాట మీద అలిగే హక్కు లేదు.

సంప్రదాయం చెడిందనే వాదన కూడా ఉంటుంది. ఏ సంప్రదాయం? వర్ణంతో మొదలుపెట్టి, కృతులు పాడి, రాగం తానం పల్లవి దాటాక తుక్కడాలనే చిన్న చిన్న తేలిక పాటలతో శ్రోతను తేలికపరిచి పంపే ఇప్పటి పద్ధతిని అరియక్కుడి రామానుజ అయ్యంగారు అనే గాయకుడు స్థిరపరిచారని అందరూ ఒప్పుకుంటారు. మీ గాయని ఆ పాటను సరిగ్గా ఆ తుక్కడాల చోటే పాడారు. తోడికీ పల్లవికీ మధ్యన దూర్చలేదు. ఆ చోట ఒకప్పుడు జావళీలనే శృంగార పాటలు పాడేవారు, ఇప్పటికీ పాడుతున్నారు. ధర్మపురి సుబ్బరాయరు జావళీ అందుకుంటే ముందు వరుసలోని తమిళ పెద్దలు కళ్లు మూసుకుని, దేవుడి పాటలాగా తలలూపుతూ వింటారు. అందులో నాయిక నాయకుణ్ణి ఏమని నిలదీస్తోందో సభ మొత్తంలో తెలిసేది మన తెలుగువాళ్లం నలుగురికే. మనం తల వంచుకుని నవ్వుకుంటాం. దాని పక్కన పెడితే మీ అమ్మగారి సినిమా పాట శుద్ధ భజన.

బయటి పాట కచేరీలోకి రావటం కొత్తా కాదు. ముత్తుస్వామి దీక్షితులు చెన్నై దగ్గరి మనలిలో ఉన్న రోజుల్లో సెయింట్ జార్జి కోటలో తెల్లవాళ్ల బ్యాండు విని, ఆ వరసలకు సంస్కృతంలో నొట్టుస్వర సాహిత్యాలు కట్టారని చెబుతారు. 'సంతతం పాహిమాం' పాడి చూడండి, ఇంగ్లండు రాజుగారి జాతీయగీతమే వినిపిస్తుంది. ముత్తయ్య భాగవతార్ తెల్లవాళ్ల వరసలో కట్టిన 'ఇంగ్లీషు నోటు' అనే పాటను మదురై మణి అయ్యరు పాడితే వినటానికే జనం చివరిదాకా కూర్చునేవారట. అంతెందుకు, టీనగర్ జి.ఎన్. చెట్టి రోడ్డులోని వాణీ మహల్ చూశారుగా? అక్కడి త్యాగబ్రహ్మ గానసభను మొదలుపెట్టింది చిత్తూరు నాగయ్యగారు. 1946లో 'త్యాగయ్య' తీసి, తానే త్యాగయ్యగా నటించి, పాడిన మనిషి. ఒక సినిమా నటుడు సభ పెడితే అందులో విద్వాంసులు పాడవచ్చు గానీ, విద్వాంసురాలు సినిమా పాట పాడితే మైల పడుతుందా?

ఇంతవరకు మీ గాయని పక్షం మాట్లాడాను. ఇప్పుడు ఆవిడను కూడా కొంచెం ప్రశ్నించాలి. పాట మొత్తం పాడారా? చివర స్వరాలు పరుగెత్తే చోటు ఉంది, అసలు కష్టమంతా అక్కడే. లేక పల్లవి, ఒక చరణం పాడి, చప్పట్లు అందుకుని కచేరీ ముగించే మంగళంలోకి జారిపోయారా? మొదటిదైతే ఆవిడకు నా నమస్కారం. రెండోదైతే లేచిపోయిన నలుగురిని నేను పూర్తిగా తప్పుపట్టను. తోడికి ఎన్నో ఏళ్లు సాధన చేసి, ఈ పాటకు మాత్రం కారులో వస్తూ ఫోనులో ఒకసారి విని వచ్చేవారిని నేను చాలామందిని చూశాను. సినిమా పాట అంటే లోకువ కట్టేది లేచిపోయినవారి కంటే ముందు వీరే.

పక్కవాద్యాల అవస్థ కూడా మీకు తెలియాలి. ఎనభైల్లో నేను ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా కోడంబాక్కంలో సినిమా పాటల రికార్డింగుకు వాయించి, సాయంత్రం పంచె కట్టుకుని, విభూతి పెట్టుకుని సభకు వెళ్లేవాణ్ణి. స్టూడియోలో నొటేషను ముందుంటుంది. పక్కన మరో ఇరవై వయొలిన్లు ఉంటాయి, తప్పు వాయిస్తే ఇంకో టేకు ఉంటుంది. సభలో ఇవేవీ ఉండవు. ఒకసారి గాయకుడు ముందు చెప్పకుండా ఒక సినిమా పాట ఎత్తుకున్నాడు. పల్లవి అయింది. తరువాత రావలసిన బీజీఎం (పాట మధ్యలో వచ్చే వాద్యాల సంగీతం) ఎవరు వాయించాలి? ఆయన నావైపు చూశాడు. నేను ఏదో ఆలాపన లాంటిది అల్లబోయాను. ఇంతలో బాల్కనీ మొత్తం నోటితోనే అసలు బిట్టు పాడేసింది, సితారు, ఫ్లూటు, తబలా తిహాయితో సహా! నేను విల్లు దించేశాను. నాకంటే వారికే బాగా వచ్చు.

ఆ సభ కార్యదర్శిగారి సంగతి ఇంకా బాగుంటుంది. కచేరీ మాట్లాడుకునేటప్పుడే, "సినిమా వాసన తగలకూడదు, మాది శుద్ధమైన సభ" అని హెచ్చరించిన పెద్దమనిషి ఆయన. ఆ రాత్రి సినిమా పాట కోరుతూ వేదిక మీదికి వచ్చిన చీటీల్లో రెండోది ఆయన చేతిరాతే. మనవరాలికి ఇష్టమని కింద సంజాయిషీ కూడా రాశారు.

ఈలల గురించి రెండే ముక్కలు. పాట మొదటి అక్షరం పడగానే వచ్చే చప్పట్లు గాయనికి కావు, పాటను గుర్తుపట్టినందుకు శ్రోత తనను తాను మెచ్చుకుంటున్నాడు. ఆ సంతోషం అర్థమవుతుంది. కానీ ఆ గోలలో పల్లవిలో మొదటి సంగతి (స్వరాల మలుపు) ఎవరికీ వినపడదు. మీ అమ్మగారు ఈల వేయలేదు, లేచిపోలేదు. ఆ హాల్లో ఆ పాటను మొదటి నుంచి చివరిదాకా విన్నది బహుశా ఆవిడే.

ప్రశ్న: మాది బెంగళూరు. ఏటా చామరాజపేటలో శ్రీరామనవమి కచేరీలకు వెళుతుంటాను. కావలసిన పాట కోసం వేదిక మీదికి చీటీ పంపటం మర్యాదేనా?
- ఒక పాఠకుడు, మల్లేశ్వరం

జవాబు: మర్యాదే, వేళ చూసి పంపితే. తని ముగిసేదాకా ఆగండి. ఒక్క పాటే రాయండి. ఇంటిపేరు, గోత్రం, పిల్లవాడి పెళ్లిరోజు అక్కర్లేదు.

కోట హైస్కూలు మైదానంలో రామసేవా మండలి 1939 నుంచి నడుపుతున్న ఆ పందిట్లో నేనూ రెండుసార్లు వాయించాను. లోపలివారితో పాటు గోడ బయట రోడ్డు మీద నిలబడి విన్నవారు కూడా గుర్తున్నారు. చీటీలు కన్నడంలో వచ్చాయి. లిపి మన దానికి దగ్గర కనుక సగం చదవగలిగాను, మిగతా సగం చదవనక్కర్లేకపోయింది. మూడు చీటీల్లోనూ ఒకటే పాట, వ్యాసరాయలవారి 'కృష్ణా నీ బేగనే బారో'. అది మొదలవగానే వచ్చిన చప్పట్లు మైలాపూరు ఈలలకు ఏమాత్రం తీసిపోలేదు. దానికెవరూ లేచిపోలేదు మరి!

ప్రశ్న: సభలో సినిమా పాట పాడినప్పుడు మేమందరం తాళానికి చప్పట్లు కొట్టాం. మృదంగం ఆయన చెయ్యి ఎత్తి ఆపమని సైగ చేశారు. ఉత్సాహం చూపితే విద్వాంసులకు నచ్చదా?
- ఇంజనీరింగ్ విద్యార్థి, తాంబరం

జవాబు: ఉత్సాహం నచ్చుతుంది నాయనా, కాలం పరుగెత్తితేనే నచ్చదు. మీ చదువు భాషలోనే చెబుతాను. వేదికకు వంద అడుగుల దూరంలో ఉన్నావనుకో. మృదంగం దెబ్బ నీ చెవికి చేరటానికి సెకనులో సుమారు పదకొండో వంతు పడుతుంది. నువ్వు దానికి సరిగ్గా కొట్టినా, నీ చప్పట్లు తిరిగి ఆయనకు చేరటానికి మళ్లీ అంతే సమయం కావాలి. అంటే నీకు సరిగ్గా ఉన్న తాళం ఆయనకు వెనకబడి వినిపిస్తుంది. ముందు వరుసల చప్పట్లు ఒక లెక్కలో, వెనక వరుసలవి ఇంకో లెక్కలో వచ్చి పడతాయి. దానికి తోడు, గుంపుగా కొట్టే చప్పట్లు రానురాను వేగం పెంచుకుంటాయి. మధ్యలో కాలప్రమాణం (పాట నడిచే వేగం) నిలబెట్టవలసినవాడు ఆయన ఒక్కడే. నీకు అంత సరదాగా ఉంటే తొడ మీద మెల్లగా వేసుకో. మేమూ ఎదుటివారి కచేరీలో అదే చేస్తాం.

ప్రశ్న: కచేరీలో సినిమా పాట వచ్చినప్పుడు మాత్రం ఫోనులో వీడియో తీసుకోవచ్చా? మిగతా సమయంలో తీయను.
- ఒక పాఠకురాలు, టీనగర్

జవాబు: మిగతా సమయంలో తీయనందుకు సంతోషం. కానీ పోయిన డిసెంబరులో ఫోను ఎత్తి పట్టుకున్న ఒకావిడ వెనక వరుసలో కూర్చుని నేనూ ఒక పాట విన్నాను. గాయని ముఖం కనపడలేదు. ఆవిడ ఫోనులో ఛార్జింగు పద్నాలుగు శాతం ఉందని మాత్రం తెలిసింది.