గెలవని షోలు కూడా చూడు తల్లీ

మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. డీసీఐ (డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్) పోటీల్లో ఛాంపియన్లయిన షోలు దాదాపు అన్నీ చూసేశానని, పాత సీజన్లలో ఇంకేం చూడాలో చెప్పమని అడిగావు. టెక్సస్ ఎండలో మెలోఫోన్ అనే ఇత్తడి బూర పట్టుకుని బ్యాండ్ క్యాంప్ చేసేదానివి కాబట్టి, ఇత్తడి వాద్యాలూ డ్రమ్ములూ వాయిస్తూ మైదానంలో ఆకృతులు కట్టే ఈ డ్రమ్ కోర్ అంటే ఏమిటో నీకు చెప్పనక్కర్లేదు. ఎక్కడ వెతకాలో, ఎలా చూడాలో మాత్రం రాస్తాను.

ఫలితాల పట్టికలో పైపేరు చూసి షోను ఎంచుకోవడం మానెయ్యి. స్కోరు ఆ ఒక్క రాత్రికి సంబంధించింది. ఆ జడ్జీలు, ఆ స్టేడియం, ఆ ఏడాది ఎదురుగా ఉన్న పోటీ, అన్నీ కలిస్తే వచ్చిన అంకె అది. ఇన్నేళ్ల తర్వాత చూసేవాళ్లకు దానితో పని లేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఇప్పటికీ పోటీల్లో ఉన్న బ్లూ డెవిల్స్ లాంటి కోర్‌కు ప్రతి వేసవిలో కొత్త అభిమానులు పుట్టుకొస్తారు, వాళ్లు పాత షోలనూ వెతికి చూస్తారు. మూతపడిన కోర్‌కు ఆ అదృష్టం లేదు. మంచి షోలు చాలా అలాగే మరుగున పడిపోయాయి.

నా మాట మీద ఒక్కటే చూస్తానంటే స్టార్ ఆఫ్ ఇండియానా 1993 చూడు. బ్లూమింగ్టన్ ఊరి కోర్ అది. 1985లో మొదటిసారి మైదానంలోకి దిగి, 1991లో 'రోమన్ ఇమేజెస్'తో ఛాంపియన్ అయింది. జనానికి ఏం నచ్చుతుందో తెలిసిన కోర్, రెండేళ్లు తిరగకుండా బార్బర్, బార్టోక్ అనే ఇరవయ్యో శతాబ్దపు స్వరకర్తల సంగీతం తీసుకుని చప్పట్లకు ఎక్కడా చోటివ్వని షో చేసింది. చాలామంది ప్రేక్షకులకు అది మింగుడు పడలేదు. మిసిసిపీలోని జాక్సన్‌లో జరిగిన ఫైనల్స్‌లో వందకు క్యాడెట్స్ అనే కోర్‌కు 97.4, స్టార్‌కు 97.3 వచ్చాయి. ఆ సీజన్ తర్వాత స్టార్ పోటీల నుంచి తప్పుకుని రంగస్థలం వైపు వెళ్లిపోయింది. అక్కడి నుంచే 'బ్లాస్ట్!' అనే ప్రదర్శన పుట్టి, బ్రాడ్‌వే దాకా వెళ్లి, 2001లో టోనీ అవార్డు తెచ్చుకుంది.

మొదటి రెండు నిమిషాలు నీకు నచ్చకపోవచ్చు. ఆపకు. ఊదేవాళ్ల చేతులు, భుజాలు, మెడలు గమనించు. వాళ్లు నడుస్తూ ఊదడంతో ఆగరు, ఒళ్లంతా సంగీతంలో పాలుపంచుకుంటుంది. ఈ రోజు మీ డైరెక్టర్ మీచేత చేయించే బాడీ మూవ్‌మెంట్ ఆ రోజుల్లో హార్న్ లైన్ (ఇత్తడి వాద్యాల బృందం) నుంచి ఎవరూ ఆశించేది కాదు. చివర్లో వచ్చేది బార్బర్ రాసిన, గ్రీకు గాథలోని మెడియా ప్రతీకార నృత్యం. అమెరికన్ నర్తకి మార్తా గ్రాహమ్ నృత్యం కోసం ఆయన చేసిన సంగీతంలోంచి వచ్చింది. ఒక చిన్న స్వరాల గుంపు మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటే, దాని మీద ఒక్కో పొర చేరుతూ పోతుంది. భర్త వదిలేసిన ఆడదాని కోపం అది. అరుపుతో మొదలవదు, లోపల్లోపల మరిగి మరిగి పొంగుతుంది. నాకైతే ఇప్పటికీ ఆ చివరి నిమిషం దగ్గర కుర్చీలో కుదురుగా కూర్చోవడం కుదరదు.

అది అయ్యాక వెంటనే అదే ఏడాది క్యాడెట్స్ షో పెట్టుకో. రాజులు యుద్ధానికి బయలుదేరే వసంతకాలం గురించిన షో అది. వేగం, ధాటి, మైదానం నిండా పరుగు. అదీ గొప్పదే, గెలవడంలో అన్యాయం ఏమీ లేదు. కానీ రెండూ పక్కపక్కన చూస్తే ఒక కళ ఎన్ని దారుల్లో వెళ్లగలదో నీకే తెలుస్తుంది. ఇలా ఓడిన షోను, గెలిచిన షోను కలిపి చూడటం అలవాటు చేసుకో.

తర్వాత సన్‌కోస్ట్ సౌండ్ 1985. ఫ్లోరిడా గల్ఫ్ తీరపు కోర్, ఇప్పుడు లేదు. ఆ రోజుల్లో అందరూ జనానికి తెలిసిన పాటలనో, సింఫనీలనో, సినిమా సంగీతాన్నో మైదానానికి తగ్గట్టు మార్చి వాయించేవాళ్లు. వీళ్లు 'ఎ ఫ్లోరిడా సూట్' పేరుతో మొత్తం షోకు సొంత సంగీతమే రాయించుకున్నారు. రాసింది రాబర్ట్ డబ్ల్యూ. స్మిత్. ఆయన పేరు మీ కాన్సర్ట్ బ్యాండ్ ఫోల్డర్‌లో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది, చూసుకో. తెలియని పాటతో స్టేడియాన్ని కదిలించడం ఎంత కష్టమో ఆలోచించు. గుర్తుపట్టిన ఆనందంలో వచ్చే చప్పట్లు ఇక్కడ ఉండవు, వచ్చిన ప్రతి చప్పటా అక్కడికక్కడ సంపాదించుకున్నదే. ఇప్పుడు సొంత సంగీతం మామూలైపోయింది గనుక ఆ తెగువ మనకు కనబడదు. ఈ షోను మొదట బొమ్మ చూడకుండా వినమంటాను. కళ్లు మూసుకుని ఒకసారి, డ్రిల్, అంటే మైదానంలో వాళ్లు కట్టే ఆకృతులు, చూస్తూ మరోసారి.

1980లో రెండో స్థానంలో నిలిచిన 27త్ లాన్సర్స్‌ని కూడా వదలకు. బోస్టన్ పక్కన రివీర్ అనే ఊరి కోర్. ఆ ఏడాది అలబామాలోని బర్మింగ్‌హామ్ ఫైనల్స్‌లో గెలిచింది బ్లూ డెవిల్స్. లాన్సర్స్ చివర్లో 'డానీ బాయ్' వాయిస్తుంటే పోటీ సంగతే గుర్తుకురాదు. ఇంత పాత షో చూసేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో. అప్పటికి పెద్ద తాళవాద్యాలను ముందు వరుసలో నేలమీద పెట్టి వాయించే పిట్ లేదు. జైలోఫోన్లూ టింపనీలూ కూడా ఒంటికి తగిలించుకునే నడిచేవాళ్లు. హార్న్‌లు జీ శృతి బ్యూగిల్స్, నీ మెలోఫోన్‌కు ఉన్నట్టు మూడు వాల్వులు ఉండేవి కావు. మైకులు 2004 దాకా అనుమతించలేదు. కాబట్టి మెల్లగా వినిపించేది నిజంగానే అంత మెల్లగా ఊదినది. ఇప్పటి శుభ్రత అక్కడ వెతికితే నిరాశే మిగులుతుంది. ఊపిరి ఎంత పెడుతున్నారో విను.

కొత్తవాటిలో నా ఓటు బ్లూకోట్స్ 2014 'టిల్ట్'కి. ఒహాయోలోని కాంటన్ కోర్. దురదృష్టం ఏమిటంటే అదే ఏడాది బ్లూ డెవిల్స్ 99.65 తెచ్చుకుని డీసీఐ చరిత్రలోనే అత్యధిక స్కోరు రాసింది. ఇక ఆ సీజన్ గురించి ఎవరు మాట్లాడినా ఆ అంకె గురించే. కానీ టిల్ట్‌లో ఒకచోట హార్న్‌ల ధ్వని, సింథసైజర్ కలిసి స్వరాన్ని వంచేస్తాయి. నేలే పక్కకి ఒరిగినట్టు అనిపిస్తుంది. 2009లో ఎలక్ట్రానిక్స్‌ను అనుమతించినప్పటి నుంచి చాలామంది వాటిని బాస్ పెంచడానికో, మాటలు వినిపించడానికో వాడారు. షో అసలు ఆలోచనే ఆ ధ్వనిలోంచి వినబడేలా చేసినవాళ్లు తక్కువ. 2016లో వాళ్లు మొదటి టైటిల్ గెలిచిన 'డౌన్ సైడ్ అప్' నువ్వు చూశానన్నావు. దాని వేళ్లు ఇక్కడ కనిపిస్తాయి.

ఫైనల్స్‌లో ఆఖరిదైన పన్నెండో స్థానం షోలు కూడా కొన్ని చూడాలి. ట్రూపర్స్ 2009 'వెస్టర్న్ సైడ్ స్టోరీ' అలాంటిదే. 1957లో వయోమింగ్‌లోని కాస్పర్‌లో మొదలైన కోర్, 2006లో అసలు మైదానంలోకే దిగలేకపోయింది. 1986 తర్వాత మళ్లీ ఫైనల్స్ చేరింది ఈ షోతోనే. టెక్నిక్‌లో పై కోర్‌లతో తూగదు, నిజమే. ఆ పిల్లల ముఖాలు చూడు.

ఎలా చూడాలో కూడా చెప్పేస్తాను. ఫోన్ స్పీకర్ మీద వద్దే వద్దు, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకో. దొరికితే మొదట పైనుంచి మైదానమంతా కనబడే వీడియో చూడు. దగ్గరి షాట్లు కలిపిన వీడియోలో ముఖాలు కనిపిస్తాయి గానీ డ్రిల్ ముక్కలైపోతుంది. రెండోసారి ఒక్క సెక్షన్‌నే పట్టుకుని చివరిదాకా వెళ్లు. నువ్వైతే మెలోఫోన్లను పట్టుకో. ట్రంపెట్లకూ బారిటోన్లకూ మధ్య వాళ్లు ఏం నడిపిస్తున్నారో తెలిస్తే, రిహార్సల్‌లో నీ పార్ట్ నీకు వేరేగా వినబడుతుంది. స్కోరు మాత్రం చూడటం అయ్యాకే వెతుకు. ముందే తెలిస్తే చెవులు దాని వెంటే పోతాయి.

వరుస కావాలంటే టిల్ట్‌తో మొదలుపెట్టి వెనక్కి వెళ్లు. ఆ ధ్వని నీకు అలవాటైనదే కాబట్టి తేలిగ్గా ఎక్కుతుంది. స్టార్‌ను శనివారం తీరిగ్గా చూడు, హోంవర్క్ మధ్యలో కాదు.

ఇన్ని చెప్పి బ్రిడ్జ్‌మెన్‌ను వదిలేస్తే తప్పు. న్యూజెర్సీలోని బయోన్ కోర్, 1970ల చివరా 1980ల మొదట్లోనూ పసుపుపచ్చ పొడుగు కోట్లు, వెడల్పు టోపీలతో మైదానంలోకి వచ్చేవాళ్లు. సైనిక కవాతులా బిగుసుకుపోయి ఉన్న చోట నవ్వించడం, ఆడటం మొదలుపెట్టారు. డెన్నిస్ డెలూషియా నేర్పిన ఆ డ్రమ్‌లైన్ ఆటపాటల మధ్య కూడా లయ ఎక్కడా సడలనివ్వదు. దీన్ని ఒక్కదానివే చూడకు. ఈ మార్చింగ్ గోలేమిటో మీ నాన్నకు ఇంకా అంతుపట్టలేదని రాశావు కదా, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకో. బ్రిడ్జ్‌మెన్ షోకు వివరణ అక్కర్లేదు. ఆయన ఏమన్నారో నాకు ఫోన్ చేసి చెప్పు.

మామయ్య